రంగు గాజు గ్లాసులు: బేరానికి ముందు అడుగు తిప్పి చూడాలి

హైదరాబాద్ పాతబస్తీ ఇళ్లలో, పాత కుటుంబాల అల్మారాల్లో ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల గాజు గ్లాసులు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. కొన్నింటికి కాడ ఉంటుంది, కొన్నింటికి ఉండదు. కొన్నింటి అంచున బంగారు గీత ఉంటుంది. పండక్కో, పెళ్లికో షర్బత్ పోయడానికి బయటికి తీసి, మళ్లీ గుడ్డలో చుట్టి లోపల పెట్టేస్తారు. ఎక్కడివని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒక్కటే: "బెల్జియం గ్లాసు". చౌమహల్లా ప్యాలెస్ ఖిల్వత్ దర్బారు హాలులో వేలాడే 19 బెల్జియం క్రిస్టల్ షాండిలియర్ల పేరు ఊరంతా పాకడం వల్లనో, పాత అద్దాల వల్లనో, మన దగ్గర పాత గాజు ఏదైనా బెల్జియం ఖాతాలోకే పోతుంది. రంగు గ్లాసుల సంగతికి వస్తే మాత్రం 19వ శతాబ్దంలో ప్రపంచాన్ని ఏలిన పేరు బెల్జియం కాదు, బొహీమియా. అంటే ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో పశ్చిమ భాగం.

ఇళ్లు అపార్ట్‌మెంట్లుగా మారుతున్న కొద్దీ ఈ గ్లాసులు పాత సామాన్ల వాళ్ల చేతికి పోతున్నాయి. ఇంట్లో ఎవరికీ విలువ తెలియక అసలైనవి స్టీలు సామాన్ల ధరకు వెళ్లిపోతున్నాయి. మరోవైపు మొన్న మొన్న ఫ్యాక్టరీలో రంగు చల్లిన గ్లాసులు "నవాబుల కాలం నాటివి" అనే పేరుతో అమ్ముడవుతున్నాయి. రెండు చోట్లా జరిగే తప్పు ఒకటే. చూసేవాళ్లు రంగు చూస్తారు, అడుగు చూడరు. గ్లాసు ఎప్పటిది, ఎవరి చేతి నుంచి వచ్చింది అనేది రంగు కంటే అడుగు, అంచు, కోత ఎక్కువ చెబుతాయి.

చేత్తో చేసింది అంటే

కొలిమిలో వెయ్యి డిగ్రీలకు పైగా వేడిలో తేనెలా సాగే గాజును కారీగరు పొడవాటి ఇనుప గొట్టం చివర ముద్దలా తీసుకుంటాడు. ఊదుతూ, తిప్పుతూ బుడగలా పెంచుతాడు. కొన్నిసార్లు నీళ్లలో నానబెట్టిన చెక్క అచ్చులో పెట్టి ఊదుతాడు. కాడ కావాలంటే అదే ముద్ద నుంచి లాగుతారు, లేదా ఇంకొకడు వేరే ముద్ద తెచ్చి అతికిస్తాడు. తర్వాత పాదం. అది అయ్యాక గ్లాసు అడుగున ఇంకో ఇనుప కడ్డీ అంటించి, మూతి వైపు గొట్టం నుంచి విడగొడతారు. మూతిని కత్తెరతో సరిచేసి, మళ్లీ మంట చూపించి నునుపు చేస్తారు. చివరికి నెమ్మదిగా చల్లారే బట్టీలో పెడతారు. ఈ చివరి పని సరిగ్గా జరగకపోతే గ్లాసు ఎన్నేళ్ల తర్వాతైనా ఉన్నట్టుండి పగలొచ్చు.

ఆ రెండో కడ్డీని పాంటిల్ అంటారు. దాన్ని విరిచిన చోట గరుకు మచ్చ మిగులుతుంది. మామూలు రకంలో ఆ మచ్చను అలాగే వదిలేస్తారు, వేలితో తడిమితే గుచ్చుకుంటుంది. మంచి రకంలో దాన్ని అరగదీసి పాలిష్ చేస్తారు. అప్పుడు అడుగు మధ్యలో రూపాయి బిళ్లంత నున్నటి పల్లం కనిపిస్తుంది. ఈ పల్లం చూడగానే పాత సామాన్ల షౌక్ ఉన్నవాళ్ల కళ్లు మెరుస్తాయి.

అయితే పాంటిల్ మచ్చ లేనంత మాత్రాన మెషీన్ సరుకని కొట్టిపారేయడానికి లేదు. చెక్క అచ్చులో ఊదిన గ్లాసులను చాలాసార్లు కడ్డీ అవసరం లేకుండానే చేశారు. పైన మిగిలిన గాజు టోపీని చల్లారాక గీసి విరిచి, ఆ అంచును అరగదీసేవారు. అలాంటి గ్లాసుకు అడుగు శుభ్రంగానే ఉంటుంది. అప్పుడు అంచు చూడాలి. మంట చూపించిన అంచు గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. అరగదీసిన అంచు చదునుగా, లోపలి పక్క కాస్త పదునుగా తగులుతుంది.

మెషీన్ పని వేరే విధంగా దొరికిపోతుంది. అచ్చులో గాజును అదిమి చేసే పద్ధతి 1820ల్లో అమెరికాలో ఊపందుకుంది. అలా చేసిన గ్లాసుకు పక్కన నిలువుగా సన్నటి అతుకు గీతలు ఉంటాయి. పైన డిజైన్ ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా లోపలి గోడ నున్నగా ఉంటుంది. డిజైన్ అంచులు మొద్దుబారి ఉంటాయి, చేత్తో కోసిన గాజులా వేలికి పదునుగా తగలవు. 1930ల మాంద్యం రోజుల్లో అమెరికాలో కారుచౌకగా అమ్మిన రంగు గ్లాసులు ఈ కోవకే వస్తాయి. వాటికి వేరే అభిమానులున్నారు, చెడ్డవేమీ కావు. చేతి పని అని చెప్పి అమ్మితే మాత్రం మోసమే.

గాలి బుడగలు ఉంటే పాతదే అన్న నమ్మకం ఒకటి బజారులో బాగా తిరుగుతుంది. అది వదిలేయడం మంచిది. బుడగలను ఇప్పుడు కావాలనే పుట్టిస్తున్నారు. నిజమైన బొహీమియా పనివాడికి బుడగ అంటే తప్పు. దానికంటే పాదం కింది అరుగుదల నమ్మకమైన సాక్షి. దశాబ్దాలుగా బల్ల మీద, అల్మారాలో కదిలిన గ్లాసుకు అడుగున నేలను తాకే వలయం మీదే గీతలు పడతాయి. అవి అన్ని దిక్కులకూ, రకరకాల లోతుల్లో ఉంటాయి. గరుకు కాగితంతో రుద్ది తెచ్చిన "పాతదనం" గీతలు ఒకే దిక్కుకు, ఒకే లోతులో ఉంటాయి. నేలను తాకని చోట కూడా ఉంటాయి. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి జేబులో ఉంటే ఈ తేడా చూడటం అర నిమిషం పని.

ఎరుపులో ఎన్ని ఎరుపులు

గాజుకు రంగు వచ్చేది లోహాల వల్ల. కోబాల్ట్ చిటికెడు వేసినా ముదురు నీలం వస్తుంది. మాంగనీస్ ఊదా రంగు ఇస్తుంది. ఇనుము, క్రోమియం ఆకుపచ్చ ఇస్తాయి. ఇనుము, గంధకం కలిస్తే తేనె రంగు. ఇవన్నీ కారీగర్లకు కొంత సులువుగా లొంగినవే. లొంగనిది ఎరుపు.

అన్నిటికంటే ఖరీదైన ఎరుపు బంగారంతో వస్తుంది. బంగారాన్ని ఆమ్లాల మిశ్రమంలో కరిగించి గాజులో కలుపుతారు. విచిత్రమేమిటంటే మొదట ఆ గాజుకు దాదాపు రంగే ఉండదు. చల్లార్చి మళ్లీ వేడి చేస్తే, లోపల కంటికి కనిపించని బంగారు రేణువులు పేరుకుని దానిమ్మ గింజ ఎరుపు పుట్టుకొస్తుంది. వేడి ఎక్కువైతే రంగు మట్టిలా చెడిపోతుంది. 17వ శతాబ్దం చివర జర్మనీలోని పోట్స్‌డామ్‌లో యోహాన్ కుంకెల్ అనే రసాయన పండితుడు దీన్ని నమ్మకంగా చేసి చూపించాడు. బంగారం, వెండి రేణువుల మహిమ అంతకుముందే తెలియదని కాదు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న 4వ శతాబ్దపు రోమన్ లైకర్గస్ కప్పు ముందు నుంచి వెలుతురు పడితే ఆకుపచ్చగా, వెనక నుంచి పడితే ఎర్రగా కనిపిస్తుంది. కారణం అందులోని బంగారం, వెండి నానో రేణువులే.

బంగారం అందరికీ అందేది కాదు. అక్కడే బొహీమియా కారీగరు ఫ్రీడ్రిక్ ఎగర్‌మాన్ (1777-1864) కథ మొదలవుతుంది. ఇప్పుడు నోవి బోర్ అని పిలిచే హైడా పట్టణంలో పనిచేసిన ఈయన ముందు వెండితో పసుపు పూత సాధించాడు. 1832లో రాగితో ఎరుపు పూత సాధించాడు. తెల్ల గ్లాసు మీద రాగి మిశ్రమం పూసి బట్టీలో కాలిస్తే, పైపొరలోకి రంగు ఇంకిపోతుంది. గాజంతా ఎర్రది కానక్కర్లేదు, పలచటి తొడుగులాంటి ఎరుపు చాలు. దాని మీద చక్రంతో జింకలు, అడవులు, కోటలు, ద్రాక్ష తీగలు చెక్కితే గీసిన చోటల్లా తెల్ల గాజు బయటపడుతుంది. చూడటానికి రాజుల వస్తువు, కొనడానికి మధ్యతరగతి వాళ్లకూ అందే ధర. కార్ల్స్‌బాద్, మరియన్‌బాద్ లాంటి నీటి ఊటల పట్టణాలకు వచ్చిన యాత్రికులు ఆ ఊరి బొమ్మ చెక్కిన ఎర్ర గ్లాసును జ్ఞాపకంగా కొనుక్కుపోయేవారు. ఈ రోజు మార్కెట్‌లో కనిపించే "బొహీమియా ఎరుపు"లో పెద్ద వాటా ఈ పూత రకానిదే. దాన్ని బంగారు ఎరుపు అని చెప్పి అమ్మడం బజారులో చాలా పాత అలవాటు.

తేడా పట్టాలంటే గ్లాసును తెల్ల కాగితం మీద పెట్టి పగటి వెలుగులో చూడాలి. బంగారు ఎరుపు గులాబీ వైపు, కొంచెం ఊదా వైపు వాలుతుంది. రాగి పూత ఇటుక వైపు, కాస్త కాషాయం వైపు వాలుతుంది. 19వ శతాబ్దం చివర్లో వచ్చిన సెలీనియం ఎరుపు పలచటి అంచుల్లో నారింజ ఛాయ చూపిస్తుంది. కరెంటు బల్బు వెలుగులో మూడూ ఒకేలా కనిపిస్తాయి. సాయంత్రం దుకాణం లైట్ల కింద ఎర్ర గ్లాసు కొనడం అంత తెలివైన పని కాదు.

ఇంకో రంగు గురించి చెప్పాలి. బొహీమియాలోనే 1830ల్లో యోసెఫ్ రీడెల్ యురేనియంతో పసుపు, ఆకుపచ్చ గాజు తయారు చేశాడు. భార్య అన్నా పేరు కలిపి వాటికి అన్నాగెల్బ్, అన్నాగ్రూన్ అని పేర్లు పెట్టాడు. జర్మన్ భాషలో గెల్బ్ అంటే పసుపు, గ్రూన్ అంటే పచ్చ. రేడియోధార్మికత అనేది ఒకటుందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఈ గాజు అతినీలలోహిత టార్చి వెలుగులో చిమ్మచీకట్లో మిణుగురులా పచ్చగా మండుతుంది. అందుకే సేకరించేవాళ్లంతా ఇప్పుడు చిన్న యూవీ టార్చి పెట్టుకుని తిరుగుతున్నారు. ఒక జాగ్రత్త: మాంగనీస్ ఉన్న గాజు కూడా మసక పచ్చగా మెరుస్తుంది. యురేనియం మెరుపు ముందు అది వెలవెలబోతుంది, రెండూ పక్కపక్కన చూస్తే మళ్లీ పొరపాటు జరగదు.

1920ల్లో కార్లోవీ వారీ పట్టణంలోని మోజర్ సంస్థ నియోడిమియం అనే అరుదైన లోహంతో చేసిన గాజు ఇంకో వింత. ఎండలో లేత ఊదా, ట్యూబులైటు కింద లేత నీలం. అమ్మేవాడికీ తెలియకుండా ఇలాంటివి పాత సామాన్లలో పడి ఉండే అవకాశం ఎక్కువ. ట్యూబులైటు కింద చూసి బయట ఎండలోకి తీసుకెళ్తే చాలు.

రంగు ఎక్కడ ఉంది

ఏ లోహం అనేదానికంటే రంగు గాజులో ఎక్కడ ఉందనేది కొనేవాళ్లకు ఇంకా అవసరం. కొన్ని గ్లాసుల్లో గాజు మొత్తం ఒకే రంగు. కొన్నింటిలో తెల్ల గాజు మీద రంగు గాజు పొర ఇంకోటి తొడిగి ఊదుతారు, తర్వాత పై పొరను కోసి లోపలి తెలుపును చూపిస్తారు. ఇది అన్నిటికంటే కష్టమైన పని. రెండు గాజులూ చల్లారేటప్పుడు ఒకే లెక్కలో కుంచించుకోవాలి, లేకపోతే పగిలిపోతాయి. మూడోది ఎగర్‌మాన్ పూత. నాలుగోది, ఇప్పుడు బజారు నిండా ఉన్నది, స్ప్రే రంగు.

కోత పక్కనుంచి చూస్తే సంగతి తేలిపోతుంది. పొర గాజు అయితే కోసిన గోడలో రంగు పట్టీ మందంగా కనిపిస్తుంది, మామిడికాయ ముక్కలో తొక్కలా. పూత అయితే రంగుకు మందమే కనిపించదు, కోత మొదలైన చోటే తెలుపు మొదలవుతుంది. స్ప్రే అయితే కోత లోపలికి కూడా రంగు కారి ఉంటుంది, అంచుల దగ్గర గోరుతో గీకితే ఊడుతుంది. నెయిల్ పాలిష్ తుడిచే ద్రావణం దూదికి అద్ది అడుగున రుద్దితే చాలా స్ప్రే రంగులు దూదికి అంటుకుంటాయి. బట్టీలో కాలిన ఏ రంగూ దానికి కదలదు. అమ్మేవాడు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే అదీ ఒక జవాబే.

పొర కోత గ్లాసులు ఆరు రంగుల్లో ఆరు, ఒకే డిజైన్‌తో సెట్లుగా వచ్చేవి. 20వ శతాబ్దంలో జర్మనీ, చెకోస్లొవాకియా కార్ఖానాలు వీటిని లెక్కలేనన్ని చేశాయి. చేతి పనే, మంచివే. వాటిలో చాలావాటికి వందేళ్లు కూడా నిండలేదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. 19వ శతాబ్దపు ధర అడిగితే ఇవ్వకూడదు.

పేర్లు, ముద్రలు, తేదీలు

పాత బొహీమియా గ్లాసుల్లో చాలావాటి మీద ఏ సంతకం ఉండదు. ఉన్న చోట దేశం పేరు తేదీ చెబుతుంది. తమ దేశానికి వచ్చే సరుకు మీద పుట్టిన దేశం పేరు ఉండాలని అమెరికా 1890 చట్టంతో పట్టుబట్టింది. చెకోస్లొవాకియా అని ఉంటే 1918కి ముందుది కాదు. చెక్ రిపబ్లిక్ అని ఉంటే 1993 తర్వాతిది. "బొహీమియా" అనే కాగితం స్టిక్కర్ మాత్రం ఏమీ చెప్పదు, ఇప్పటికీ అంటిస్తున్నారు. ఆమ్లంతో వేసిన సంతకాలను కూడా గుడ్డిగా నమ్మలేం. పేరున్న సంస్థల ముద్ర పేరులేని గ్లాసు మీద వేయడం ఎంతో కాలంగా నడుస్తోంది.

ఈ చేతులు చెల్లాచెదురైన తేదీ కూడా ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక చెకోస్లొవాకియా నుంచి జర్మన్ భాష మాట్లాడే లక్షల మందిని వెళ్లగొట్టారు. వాళ్లలో తరతరాల గాజు కారీగర్లున్నారు. కొందరు జర్మనీలో కొత్త ఊళ్లు కట్టుకుని పని మళ్లీ మొదలుపెట్టారు. వెనక ఉన్న కార్ఖానాలు ప్రభుత్వపరమయ్యాయి. ఒకే డిజైన్ రెండు దేశాల గ్లాసుల మీద కనిపించడానికి ఇదే పెద్ద కారణం. 2023 డిసెంబరులో యునెస్కో చేతి గాజు పనిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. చెక్ రిపబ్లిక్, జర్మనీ, ఫ్రాన్స్, ఫిన్లాండ్, హంగరీ, స్పెయిన్ కలిసి ఈ దరఖాస్తు పెట్టాయి.

తూర్పు నుంచి వెళ్లి, తూర్పుకే వచ్చి

రంగు గ్లాసు యూరప్ సొత్తు అనుకుంటే పొరపాటు. 13, 14 శతాబ్దాల్లో సిరియా, ఈజిప్టు కారీగర్లు గ్లాసుల మీద నీలం, ఎరుపు, ఆకుపచ్చ ఎనామెల్, బంగారం కలిపి వేసిన పనికి అప్పట్లో ప్రపంచంలో పోటీ లేదు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో "ఈడెన్‌హాల్ అదృష్టం" అనే గ్లాసు ఉంది. 14వ శతాబ్దం నడుమ సిరియా లేదా ఈజిప్టులో చేసింది. ఇంగ్లండ్‌లో ఒక కుటుంబం దాన్ని శతాబ్దాల పాటు ఒక్క దెబ్బ తగలకుండా కాపాడింది. అది పగిలితే ఇంటి అదృష్టం పోతుందని వాళ్ల నమ్మకం. 1401లో తైమూర్ డమాస్కస్‌ను కొల్లగొట్టి పనివాళ్లను సమర్‌ఖండ్‌కు తోలుకుపోయాక సిరియా పని కుంటుపడింది. ఆ తర్వాత వెనిస్ పక్కనున్న మురానో దీవి ముందుకొచ్చింది. ఆ తర్వాతి వంతు బొహీమియాది.

19వ శతాబ్దంలో బొహీమియా వ్యాపారులు ఒట్టోమన్, ఇరాన్, హిందుస్తాన్ మార్కెట్ల కోసం ప్రత్యేకంగా సరుకు చేయించారు. హుక్కా అడుగులు, గులాబ్ పాష్‌లు, మూత, పళ్లెం ఉన్న షర్బత్ గ్లాసులు, వాటి మీద బంగారు పూలు. మనుషుల బొమ్మలు తక్కువ, పూలు, ఆకులు ఎక్కువ. మన ప్రాంతంలో ఇలాంటివి కనిపించడానికి ఇదొక దారి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889-1949) సేకరించిన యూరప్ గాజు ఇప్పుడు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. కొనే ముందు అక్కడ ఒక మధ్యాహ్నం గడపడం ఏ పుస్తకం చదవడం కంటే తక్కువ కాదు. అసలైన వాటి కోత ఎంత పదునుగా ఉంటుందో, బంగారు పూత ఎలా అరుగుతుందో ఒకసారి కళ్లకు అలవాటైతే బజారు సరుకు తనంతట తానే విడిపోతుంది.

ఇస్తాంబుల్ కథ ఉర్దూ తెలిసినవాళ్లకు పేరు దగ్గరే పట్టేస్తుంది. సుల్తాన్ మూడో సలీం (1789-1807) మెహ్మెద్ దెదె అనే మౌలవీ దర్వేషును గాజు పని నేర్చుకు రమ్మని వెనిస్ పంపించాడు. ఆయన తిరిగొచ్చి బెయ్‌కోజ్‌లో కార్ఖానా పెట్టాడు. తెల్ల, నీలి గాజు పుల్లలను మెలితిప్పి ఊదిన బెయ్‌కోజ్ గాజుకు "చష్మె బుల్బుల్" అని పేరు. బుల్బుల్ పిట్ట కన్ను. ఆ పద్ధతిని 1935లో మొదలైన పాషాబహ్చె కార్ఖానా ఇప్పటికీ నడుపుతోంది, అందుకే టర్కీ నుంచి తెచ్చినదంతా పాతదని అనుకోకూడదు.

పాలస్తీనాలోని హెబ్రోన్ (అల్ ఖలీల్) నీలి గాజు, అఫ్ఘానిస్తాన్‌లోని హెరాత్ నీలి, పచ్చ గాజు ఇంకో రకం. పగిలిన సీసాలు కరిగించి ఊదుతారు, గోడలో బుడగలు, వంకరలు సహజంగానే ఉంటాయి. బొహీమియాలో తప్పు అనుకున్న బుడగ ఇక్కడ గ్లాసు పుట్టుకలోనే ఉంది. హెరాత్‌లో ఈ పని చేసే బట్టీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లు పాత బొహీమియా గ్లాసు కోసం అప్పు చేసే బదులు ఇలాంటివో, మన ఫిరోజాబాద్‌లో నోటితో ఊదిన రంగు గ్లాసులో కొనడం నయం. తక్కువ డబ్బుతో చేతి పని ఎలా ఉంటుందో వేలికి తెలుస్తుంది.

బేరం దగ్గర

హైదరాబాద్‌లో గురువారాల జుమేరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత, చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్ పాత వస్తువుల దుకాణాలు ఈ షౌక్ ఉన్నవాళ్లు తిరిగే చోట్లు. రోజూ దొరకవు, తిరగాలి. సెట్టు దొరికితే అన్నిటినీ ఒకే బల్ల మీద వరుసగా పెట్టి చూడాలి. చేతి గ్లాసులు ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడాతో ఉంటాయి, అది మామూలే. ఒక్కటి మాత్రం మిగతావాటికంటే స్పష్టంగా పొట్టిగా ఉంటే, చిట్లిన అంచును అరగదీసి కుదించారని అర్థం. బంగారు గీత అయిదింటికి ఉండి ఒకదానికి లేకపోయినా అంతే. వేలితో మీటితే బొంగురు శబ్దం వస్తే ఎక్కడో పగులుంది. కాడ, గిన్నె కలిసే చోట జిగురు గీత కోసం యూవీ టార్చి వేయాలి, చాలా జిగుర్లు తెల్లగా మెరుస్తాయి.

గ్లాసును మీటితే గంటలా మోగితే గొప్పదని ఇంకో నమ్మకం. మోగేది సీసం కలిసిన క్రిస్టల్. ఇంగ్లండ్‌లో 1670ల్లో జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ మొదలుపెట్టిన ఒరవడి అది. బొహీమియా సంప్రదాయ గాజులో సీసం బదులు పొటాష్, సున్నం ఉంటాయి. మోగకపోయినా అది అసలైనదే కావచ్చు.

తాగొచ్చా

ఇంట్లోవాళ్లు ముందు అడిగేది ఇదే, అమ్మేవాళ్లు అస్సలు చెప్పనిదీ ఇదే. సీసం ఉన్న క్రిస్టల్‌లో పులుపు పోస్తే సీసం పానీయంలోకి దిగుతుంది. 1991లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన, సీసపు క్రిస్టల్ పాత్రల్లో నెలల తరబడి నిలవ ఉంచిన పానీయంలో సీసం ఎంతగా పెరుగుతుందో చూపించింది. నిమ్మ షర్బత్, చింతపండు రసం, పళ్ల రసాలు అన్నీ పులుపే. ఎప్పుడో ఒకసారి అతిథికి పోసి వెంటనే తాగితే వేరు, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టడం వేరు. ఎనామెల్ బొమ్మలున్న వాటితో ఇంకా జాగ్రత్త. 2017లో బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం 72 కొత్త, పాత గ్లాసు వస్తువులను పరీక్షిస్తే చాలావాటి రంగుల్లో సీసం, కాడ్మియం బయటపడ్డాయి. కొన్నింటిలో అవి పెదవి తాకే అంచు మీదే ఉన్నాయి. యురేనియం గాజు వెలువరించే కిరణాలు చాలా తక్కువ, అల్మారాలో పెట్టుకుంటే భయం లేదు. దాంట్లో రోజూ తాగాల్సిన అవసరమూ లేదు.

పిల్లలకు, గర్భిణులకు పాత రంగు గ్లాసులో ఏదీ పోయకూడదు. ఇందులో మొహమాటం అక్కర్లేదు. గ్లాసులో సీసం ఉందో లేదో కంటితో చెప్పడం ఎవరి వల్లా కాదు. బరువు ఒక సూచన మాత్రమే. ఎక్స్‌రే పరీక్ష చేసే ల్యాబే తేల్చాలి.

కడగడం, దాచడం

డిష్‌వాషర్‌లో పెట్టిన మొదటి రోజే బంగారు గీతకు చివరి రోజులు మొదలైనట్టు. సింక్‌లో టవల్ పరిచి, గోరువెచ్చటి నీళ్లతో, ఒక్కో గ్లాసు విడిగా కడగాలి. కాడ పట్టుకుని తిప్పుతూ తుడవకూడదు, ఎక్కువ గ్లాసులు పోయేది అక్కడే. బోరు నీళ్ల తెల్ల చారలు పలచటి వెనిగర్‌తో పోతాయి, అయితే బంగారం, ఎనామెల్ ఉన్న చోట అది తగలకూడదు. బోర్లించి పెడితే బరువంతా అంచు మీద పడుతుంది. ఒకదాంట్లో ఒకటి ఇరికిస్తే ఎండాకాలంలో విడదీయడం కష్టం.

కొన్ని పాత గ్లాసులు చెమర్చినట్టు జిగటగా అవుతాయి, తుడిచినా మళ్లీ వస్తుంది. కొన్నాళ్లకు లోపల సాలెగూడులాంటి సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. ఇది దుమ్ము కాదు, గాజులో క్షారం ఎక్కువై తేమను పీల్చుకోవడం. బాగు చేసే మార్గం లేదు, తేమ తగలని చోట పెట్టి నెమ్మదింపచేయడం ఒక్కటే. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉన్నవాళ్లు మూసిన అల్మారాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, నెలనెలా మారుస్తుండాలి. కొనేటప్పుడే అలాంటి మబ్బు కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయాలి.

విదేశాలకు పంపేటప్పుడు

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలకు నానీ గ్లాసులు పంపాలనుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాత్మక వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఎక్కడ చేశారన్నది కాదు, వయసు ముఖ్యం. వందేళ్లు నిండని వాటికి భారత పురావస్తు శాఖ నిపుణుల కమిటీ దగ్గర "పురావస్తువు కాదు" అనే ధ్రువపత్రం తీసుకుంటే విమానాశ్రయంలో ఇబ్బంది ఉండదు. ఇక్కడ మాత్రం 1960ల జర్మనీ సెట్టు అని రుజువు కావడమే మేలు. ముద్ర, స్టిక్కర్, పాత రసీదు ఏది ఉన్నా పారేయకుండా ఆ గ్లాసులతోనే ఉంచాలి. ఒక్కో గ్లాసు అడుగు ఫోటో కూడా తీసి పెట్టుకుంటే కమిటీ పని తేలికవుతుంది.